ఇంపెడెన్స్ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. పెన్షన్ గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే విషయం ఎంచుకున్నాను. సర్వీసు అంతా మనం వాడిన ఒక లెక్క చరిత్ర ఇది. ఓవర్సీరుగా చేరినవారైనా, ఇంజనీరుగా చేరినవారైనా, రిలే టెస్టింగులో పనిచేసినవారైనా ఆర్, ఎక్స్, జడ్ అనే మూడక్షరాలతో కాలం గడిపినవారమే. పుస్తకాల్లో నిరోధం, అవరోధం అని రాసినా సబ్‌స్టేషన్లో మనం రెసిస్టెన్స్, రియాక్టెన్స్, ఇంపెడెన్స్ అనే అన్నాం. ఆ మాటలనే ఇక్కడా వాడుతున్నాను.

ముందుగా చిక్కు ఏమిటో చెప్పుకోవాలి. డి.సి.లో చిక్కు లేదు. 1827లో జర్మనీ దేశస్థుడు ఓమ్ చెప్పిన సూత్రం ప్రకారం వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది. రెండు రెసిస్టెన్సులు వరసగా కలిపితే మొత్తం కూడికే. ఏ.సి.లో ఇది చెల్లదు. మన 50 సైకిల్స్ సప్లైలో కరెంటు సెకనుకు నూరుసార్లు దిక్కు మార్చుకుంటుంది. కాయిలు ఆ మార్పును అడ్డుకుంటుంది కాబట్టి కరెంటు వోల్టేజికి వెనకబడుతుంది. కండెన్సరులో అది ముందుకు పోతుంది. కాయిలు పెట్టే అడ్డు ఎంత అంటే, ఫ్రీక్వెన్సీని రెండు ‘పై’లతో, అంటే 6.28తో గుణించి, దానిని ఇండక్టెన్స్‌తో గుణించాలి. మన 50 సైకిల్స్‌కు ఆ మొదటి గుణకం 314. కాబట్టి 12.74 మిల్లీహెన్రీల కాయిలు రియాక్టెన్స్ 4 ఓములు. కండెన్సరుకు ఇది తిరగబడుతుంది: 314ను కెపాసిటీతో గుణించి, ఒకటిని దానితో భాగించాలి. 100 మైక్రోఫారడ్ల కండెన్సరుకు దాదాపు 31.8 ఓములు.

ఇక ఆ 4 ఓముల కాయిలుకు 3 ఓముల రెసిస్టెన్స్ కూడా ఉంటే మొత్తం అడ్డు 7 ఓములు కాదు, 5 ఓములు. ఆర్‌కు, ఎక్స్‌కు మధ్య లంబకోణం ఉంది గనుక పైథాగరస్ లెక్క. ఈ వర్గమూలపు రూపం 1868లోనే మాక్స్‌వెల్ రాసిన ఒక ఉత్తరంలో కనబడుతుంది. ఇండక్షన్ కాయిలుకు కండెన్సరు కలిపినప్పుడు గ్రోవ్ అనే శాస్త్రవేత్త గమనించిన వింతకు కారణం ఏమిటో మాక్స్‌వెల్ ఒక్క రాత్రిలో లెక్కగట్టి చెప్పాడు. అయితే అప్పటికి ఏ.సి. సప్లై అన్నదే లేదు. ఆ లెక్క పత్రికలో అచ్చయి అలాగే ఉండిపోయింది.

1880లలో ఏ.సి. వీధుల్లోకి వచ్చాక తిప్పలు మొదలయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, పొడుగు కేబుళ్లు వచ్చాయి. లండన్‌లో డెట్‌ఫర్డ్ స్టేషను నుంచి ఫెరాంటీ పది వేల వోల్టుల కేబుల్ వేస్తే, అవతలి చివర వోల్టేజి తగ్గవలసింది పోయి పెరిగింది. మన పొడుగు లైన్లు అర్ధరాత్రి లోడు లేక వోల్టేజి పెరిగినప్పుడు మనం తలచుకునే ఫెరాంటీ ఎఫెక్టు అదే. ఇలాంటివి లెక్కగట్టాలంటే అప్పట్లో ప్రతి సర్క్యూటుకు కొత్తగా కాల్‌కులస్ సమీకరణం రాసి సాధించవలసిందే. బెడెల్, క్రెహోర్ అనే ఇద్దరు అమెరికన్లు 1890ల మొదట్లో రాసిన ఏ.సి. పాఠ్యపుస్తకం నిండా అవే. బ్లేక్స్‌లీ అనే ఆంగ్లేయుడు 1885లో బొమ్మలు గీసి లెక్కగట్టే దారి చూపాడు. రెండు మూడు పరికరాలుంటే బొమ్మ బాగానే ఉంటుంది. పది పరికరాలున్న చోట కాగితం చాలదు.

మాటలు ఎలా పుట్టాయో చూద్దాం. ఇంపెడెన్స్ అనే మాటను 1886లో తయారు చేసినవాడు ఆలివర్ హెవిసైడ్. ఈయన 1850లో లండన్‌లో బీద ఇంట పుట్టాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవి దెబ్బతింది. పదహారో ఏటికే చదువు ఆగిపోయింది. టెలిగ్రాఫ్ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి 1874లో మానేశాడు. ఆ తరువాత మళ్లీ ఉద్యోగం అన్నది చేయలేదు. ఇంట్లో కూర్చుని మాక్స్‌వెల్ పుస్తకం సొంతంగా చదువుకుని, వారపత్రికకు వ్యాసాలు రాస్తూ గడిపాడు. ఇండక్టెన్స్, కండక్టెన్స్, అడ్మిటెన్స్ అనే మాటలు కూడా ఆయనవే. అంతకుముందు ఇంజనీర్లు ‘పైకి కనబడే రెసిస్టెన్స్’ అని డొంకతిరుగుడుగా రాసేవారు. అది రెసిస్టెన్స్ కాదని, వేరే పేరు కావాలని పట్టుబట్టినవాడు హెవిసైడ్.

ఆయనకు దక్కిన మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. టెలిఫోను లైన్లకు ఇండక్టెన్స్ శత్రువని ఆనాటి బ్రిటిష్ పోస్టాఫీసు పెద్ద విలియం ప్రీస్ వాదించేవాడు. కాదు, ఇంకా ఇండక్టెన్స్ కలిపితే మాట స్పష్టంగా వినబడుతుందని హెవిసైడ్ లెక్కలతో చూపాడు. దాంతో 1887లో అన్నదమ్ములిద్దరూ కలిసి రాసిన వ్యాసాన్ని ప్రీస్ అడ్డుకున్నాడు. తరువాత 1900 ప్రాంతంలో టెలిఫోను లైన్లకు కాయిళ్లు కలపడం మొదలైంది, హెవిసైడ్ మాటే నిజమైంది. ఆ కాయిళ్ల మీద పేటెంటు, డబ్బు మాత్రం వేరేవాళ్లకు పోయాయి. పై అధికారికి నచ్చని టెక్నికల్ నోటు ఏ గతి పడుతుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1922లో ఇంగ్లండు ఇంజనీర్ల సంస్థ తన మొట్టమొదటి ఫారడే పతకాన్ని హెవిసైడ్‌కే ఇచ్చింది. అప్పటికి ఆయన టార్కే ఊళ్లో ఒంటరి ముసలివాడు. 1925లో చనిపోయాడు.

రెండో మనిషి మన దేశంలో పుట్టినవాడు. ఆర్థర్ కెన్నెలీ 1861 డిసెంబరులో బొంబాయి కొలాబాలో పుట్టాడు. తండ్రి ఐర్లండు దేశస్థుడు, బొంబాయి రేవు అధికారి. తల్లి చిన్నతనంలోనే పోవడంతో పిల్లవాణ్ణి చదువుకు విదేశాలకు పంపారు. ఈయనా కాలేజీ మెట్లెక్కలేదు. పద్నాలుగో ఏటనే టెలిగ్రాఫ్ కంపెనీలో చేరి, సముద్రంలో వేసే కేబుళ్ల మీద పని నేర్చుకున్నాడు. 1887లో అమెరికా వెళ్లి ఎడిసన్ ప్రయోగశాలలో చేరాడు. ఏ.సి. అంటే ఎడిసన్‌కు పడదని అందరికీ తెలుసు. ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న మనిషే 1893 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఏ.సి. లెక్క మీద ‘ఇంపెడెన్స్’ అనే పేరుతో వ్యాసం చదివాడు. రెసిస్టెన్స్‌ను అడ్డంగా, కాయిలు పెట్టే అడ్డును నిలువుగా గీసి, ఆ త్రికోణం కర్ణమే ఇంపెడెన్స్ అని, దీనిని గణితంలోని మిశ్రమ సంఖ్యగా రాసుకోవచ్చునని చూపాడు. అలా రాస్తే ఓమ్ సూత్రం ఏ.సి.కి కూడా నడుస్తుంది. ఆ మరుసటి నెలలోనే హాస్పిటాలియే అనే ఫ్రెంచి ఇంజనీరు తమ పత్రికలో రియాక్టెన్స్ అనే మాటను ప్రతిపాదించాడు. 1894లో అమెరికా ఇంజనీర్ల సంస్థ దాన్ని ఆమోదించింది. మన మూడక్షరాల్లో మధ్యది, ఎక్స్, అలా ఫ్రాన్సు నుంచి వచ్చింది.

ఇక మూడోవాడు ఛార్లెస్ స్టైన్‌మెట్జ్. 1865లో బ్రెస్లౌలో పుట్టాడు. ఆ ఊరు ఆనాడు జర్మనీది, ఈనాడు పోలండ్‌లో ఉంది. పుట్టుకతోనే గూని, తుంటి వంకర. ఎత్తు నాలుగడుగుల పైచిలుకు. తండ్రికి, తాతకు కూడా గూనే. చదువులో మేధావి. డాక్టరేటు పట్టా చేతికి రాబోతున్న సమయంలో సోషలిస్టు పత్రికలో రాతలు రాసినందుకు పోలీసులు వెంటపడగా 1888లో దేశం విడిచి జూరిక్ పారిపోయాడు. 1889 జూన్‌లో న్యూయార్క్ రేవులో దిగాడు. ఆ శరీరం, చేతిలో డబ్బు లేకపోవడం, ఇంగ్లీషు సరిగా రాకపోవడం చూసి అధికారులు వెనక్కి పంపబోయారు. వెంట వచ్చిన మిత్రుడు ఆస్ముసెన్ ఇతని బాధ్యత నాది అని పూచీపడితే లోపలికి రానిచ్చారు. ఆ మిత్రుడు ఆ పూట నోరు విప్పకపోతే మన లెక్కలు ఇంకెన్నాళ్లు ఆలస్యమయ్యేవో!

యాంకర్స్ అనే ఊళ్లో ఐకిమేయర్ అనే కర్మాగారం యజమాని ఆయనకు డ్రాఫ్ట్స్‌మన్ పని ఇచ్చాడు. అక్కడ ఉండగానే ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో హిస్టరిసిస్ నష్టం ఎలా పెరుగుతుందో కొలిచి 1892లో సూత్రం ఇచ్చాడు. 1.6 ఘాతం అని మనం బట్టీపట్టింది దాన్నే. ఆ కర్మాగారాన్ని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కొన్నప్పుడు స్టైన్‌మెట్జ్ కూడా ఆ కంపెనీకి వెళ్లాడు.

1893 ఆగస్టులో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా అంతర్జాతీయ విద్యుత్ మహాసభ జరిగింది. ఇండక్టెన్స్‌కు హెన్రీ అనే కొలమానం ఖాయమైంది అక్కడే. ఆ సభలోనే స్టైన్‌మెట్జ్ మిశ్రమ సంఖ్యలను విద్యుత్ పనికి ఎలా వాడాలో వ్యాసం సమర్పించాడు. మైనస్ ఒకటి వర్గమూలాన్ని గణితజ్ఞులు ‘ఐ’ అంటారు. ఆ అక్షరం కరెంటుకు వాడుకలో ఉంది కాబట్టి ‘జె’ తీసుకున్నారు. జెతో గుణించడం అంటే తొంభై డిగ్రీలు తిప్పడం. రెండుసార్లు తిప్పితే ఎదురు దిక్కు, అందుకే జెని జెతో గుణిస్తే మైనస్ ఒకటి. ఇంతకు మించి ఇందులో మాయ ఏమీ లేదు.

దీనివల్ల లాభం ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఒక కాయిలు 3 + జె4. ఇంకొకటి కండెన్సరుతో కూడిన సర్క్యూటు, 8 – జె6. విడివిడిగా మొదటిది 5 ఓములు, రెండోది 10 ఓములు. వరసగా కలిపితే 15 అనుకుంటాం. కాదు. ఆర్‌లు వేరుగా, ఎక్స్‌లు వేరుగా కూడాలి. 11 – జె2 వస్తుంది, అంటే దాదాపు 11.2 ఓములు. 230 వోల్టుల మీద 15.3 ఆంపియర్లు వస్తాయనుకున్నచోట 20.6 వస్తాయి. ఫ్యూజు ఎందుకు పోయిందని వెతుక్కోవలసిందే. ఇక పక్కపక్కన కలిపితే లబ్ధాన్ని మొత్తంతో భాగించాలి. లబ్ధం 48 + జె14, మొత్తం 11 – జె2. భాగిస్తే ఖచ్చితంగా 4 + జె2 వస్తుంది. కాగితం మీద చేసి చూడండి, ఐదు నిమిషాల పని. ఇదే లెక్కను సమీకరణాలతో చేయాలంటే పేజీలు పడుతుంది. ఇక్కడ హైస్కూలు కూడికలు, గుణకారాలు తప్ప మరేమీ అక్కరలేదు. డ్రాయింగు ఆఫీసులో కూర్చున్న మామూలు డిప్లొమా కుర్రవాడు కూడా పొడుగు లైను వోల్టేజి డ్రాపు కట్టగలిగాడు. నా ఉద్దేశంలో ఏ.సి. గెలుపుకు ట్రాన్స్‌ఫార్మర్ ఎంత కారణమో ఈ లెక్క కూడా అంత కారణం.

ఘనత ఎవరిది అనే తగువు ఇప్పటికీ నడుస్తోంది. కెన్నెలీయే ముందు అనేవారు ఉన్నారు. తేదీ ప్రకారం అది నిజమే, నాలుగు నెలలు ముందు. హెవిసైడ్ వాడిన గుర్తుల్లో ఇదంతా దాగి ఉందనేవారూ ఉన్నారు, అదీ నిజమే. అయినా నేను స్టైన్‌మెట్జ్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను. ఆయన ఒక్క వ్యాసంతో ఊరుకోలేదు. 1897లో బెర్గ్ అనే సహచరుడితో కలిసి పెద్ద పుస్తకం రాశాడు. ట్రాన్స్‌ఫార్మర్, ఇండక్షన్ మోటారు, లైను, ఒక్కొక్కదాన్నీ ఈ లెక్కతో విప్పి చూపాడు. స్కెనెక్టడీలోని యూనియన్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. కనిపెట్టినవాడు పదిమందికి నేర్పకపోతే హెవిసైడ్‌కు జరిగినట్టే జరుగుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. స్టైన్‌మెట్జ్ పాత పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే తెరిచి చూడండి, కాయిలు ఇంపెడెన్స్ ఆర్ మైనస్ జె ఎక్స్ అని ఉంటుంది. అచ్చుతప్పు కాదు. ఆయన బొమ్మల్లో వెక్టార్లు మనకు అలవాటైన దానికి ఎదురు దిక్కులో తిరిగేవి. 1911లో ఇటలీలోని టూరిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం గడియారానికి ఎదురు దిక్కునే ఖాయం చేసింది. తరువాతి కూర్పులో స్టైన్‌మెట్జ్ తన గుర్తులన్నీ మార్చి ప్లస్ జె ఎక్స్ అని రాశాడు. అంత పెద్దమనిషి పదిమంది నిర్ణయానికి కట్టుబడి సొంత పుస్తకాన్ని దిద్దుకోవడం నాకు నచ్చిన విషయం.

మన దక్షిణ దేశానికి ఈ లెక్క త్వరగానే వచ్చింది. 1902లో మైసూరు సంస్థానం కావేరి మీద శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్ల లైను వేసింది. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న గనులవి. విద్యుత్ యంత్రాలు సరఫరా చేసింది స్టైన్‌మెట్జ్ పనిచేస్తున్న జనరల్ ఎలక్ట్రిక్కే. ఫ్రీక్వెన్సీ 25 సైకిల్స్. పైన చెప్పిన గుణకం 314 కాక 157 అవుతుంది గనుక అదే తీగకు రియాక్టెన్స్ సగమే. పొడుగు లైనుకు, ఆనాటి తక్కువ వోల్టేజికి అది పెద్ద ఊరట. దీపాలు రెపరెపలాడటం, ట్రాన్స్‌ఫార్మర్లు బరువెక్కడం దాని నష్టాలు. 50 సైకిల్స్ స్థిరపడ్డాక 25 కాలం చెల్లింది.

తరువాతి కథ తొందరగా చెబుతాను. మూడు ఫేజులూ సమానంగా ఉన్నంతవరకు ఈ లెక్క చాలు. ఒక ఫేజు తెగి నేల మీద పడితే చాలదు. 1918లో వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు ఫోర్టెస్క్యూ దానికి దారి చూపాడు. పాజిటివ్, నెగటివ్, జీరో సీక్వెన్సులు ఆయన చలవే. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఎడిత్ క్లార్క్ అనే ఆవిడ పొడుగు లైన్ల లెక్కకు గీతల కాలిక్యులేటరు తయారుచేసి 1925లో పేటెంటు పొందింది. మొదట ఆవిడ చేసింది ఇంజనీర్ల కింద అంకెలు కట్టే పనే. ఇంజనీరింగ్ పట్టా ఉండి కూడా ఇంజనీరు కుర్చీ కోసం చాలాకాలం కాచుకోవలసి వచ్చింది. 1943లో వచ్చిన ఆవిడ పుస్తకం ఎన్నో దేశాల డిజైన్ ఆఫీసుల్లో నలిగింది.

ఈ చరిత్ర అంతా వచ్చి చేరింది మన కంట్రోల్ రూము ప్యానెల్‌లోకి. డిస్టెన్స్ రిలే చేసే పని ఏమిటి? వోల్టేజిని కరెంటుతో భాగించడమే. 132 కె.వి. లైనుకు కిలోమీటరుకు రియాక్టెన్స్ సుమారు 0.4 ఓము, రెసిస్టెన్స్ సుమారు 0.15 ఓము అనుకుందాం. 40 కిలోమీటర్లకు 6 + జె16, అంటే దాదాపు 17 ఓములు. అందులో 80 శాతం, 13.6 ఓములు, మొదటి జోను. సి.టి. 400కి 1, పి.టి. 1200కి 1 అయితే రిలే దగ్గర అది మూడో వంతు, 4.53 ఓములు. ఆ లోపల ఫాల్టు వస్తే రిలే క్షణం ఆగదు. దాని అవతల అయితే రెండో జోను కొంచెం ఆగి పనిచేస్తుంది. ఫాల్టు దగ్గర ఆర్క్ లేస్తే అది రెసిస్టెన్స్‌నే పెంచుతుంది, రియాక్టెన్స్‌ను కాదు. అందుకే పొట్టి లైన్లకు రియాక్టెన్స్ రిలేలు పెట్టారు. ఇంపెడెన్స్‌కు, రియాక్టెన్స్‌కు తేడా ఏమిటని కొత్తగా చేరినవారు అడిగితే నేను ఈ ఉదాహరణే చెప్పేవాణ్ణి.

పాత రిలేలు కిలోమీటర్లు చూపేవి కావు. ఫ్లాగు మాత్రం పడేది. ఒక ఈదురుగాలి రాత్రి 40 కిలోమీటర్ల లైను ట్రిప్పయి, మళ్లీ ఛార్జి చేస్తే నిలవలేదు. మా వైపు జోన్ 1 ఫ్లాగు పడింది. క్యారియర్ ఫోనులో అవతలి సబ్‌స్టేషన్‌ను అడిగితే వారి వైపు జోన్ 2 అన్నారు. వారికి 80 శాతం అవతల అంటే మాకు 8 కిలోమీటర్ల లోపల. గ్యాంగును 40 కిలోమీటర్లు చీకట్లో, బురదలో తిప్పకుండా ఎనిమిది కిలోమీటర్లే నడవమన్నాం. ఏడో కిలోమీటరు దగ్గర టవరు మీద డిస్కులు పగిలి కనిపించాయి. తెల్లారకముందే లైను ఎక్కింది.

ఇప్పటి న్యూమరికల్ రిలేలు దూరం అంకెల్లో చూపుతాయి. కానీ ఆర్, ఎక్స్ విలువలు దానికి మనిషే ఇవ్వాలి. ఈమధ్య పాత లైన్లను మధ్యలో కోసి కొత్త సబ్‌స్టేషన్లలోకి తెచ్చి బయటికి తీయడం మామూలైంది. పై 40 కిలోమీటర్ల లైనునే 25 దగ్గర కోసి, 5 కిలోమీటర్ల దూరంలోని కొత్త సబ్‌స్టేషనుకు తెచ్చారనుకోండి. ఒక వైపు 30, ఇంకో వైపు 20 కిలోమీటర్లు అవుతాయి. పాత సెట్టింగు 32 కిలోమీటర్లకు ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే మొదటి రిలే కొత్త సబ్‌స్టేషన్ దాటి రెండు కిలోమీటర్లు, రెండోది పన్నెండు కిలోమీటర్లు పక్క లైన్ల ఫాల్టులకు కూడా ఆగకుండా ట్రిప్పవుతాయి, అనవసరంగా ఊళ్లు చీకటవుతాయి. లైను ఛార్జి చేయకముందే ఒకదానికి 24 కిలోమీటర్లకు, ఇంకోదానికి 16 కిలోమీటర్లకు ఓములు కట్టి సెట్టింగు మార్చాలి. సర్వీసులో ఉన్న పిల్లలు ఎవరైనా ఈ సంచిక చదివితే, కొత్త సబ్‌స్టేషన్ రిబ్బను కత్తిరించేలోపు పాత రెండు చివరల సెట్టింగు కాగితం కూడా ఒకసారి అడిగి చూడమని కోరుతున్నాను.